బ్రాడ్‌ఫర్డ్‌లో బౌలండ్ వీధి

మా ఆయనకు ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైందని ఫోన్‌లో చెప్పినప్పుడు మా నాన్న జీతమెంతని అడగలేదు, చలి ఎట్లా ఉంటుందని అడగలేదు. "అది ఉన్ని మిల్లుల ఊరు గద బిడ్డా" అన్నాడు. నాన్న వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లులో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసి రిటైరైన మనిషి. యంత్రాలకు బిగించిన ఇనుప పలకల మీద ఇంగ్లండ్ ఊళ్ల పేర్లు చదివీ చదివీ లాంకషైర్, యార్క్‌షైర్ అనే మాటలు ఆయనకు నోటికొచ్చు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ మిల్లు కూతను బట్టే మా వాడలో పొయ్యిలు వెలిగేవి, పిల్లలు బడికి బయల్దేరేవాళ్లు. అందుకని ఇంకో దేశంలోని ఇంకో మిల్లుల ఊరు మా ఇంట్లో పరాయిది అనిపించలేదు.

నేను వెళ్లేసరికి బ్రాడ్‌ఫర్డ్‌లో పెద్ద మిల్లులు మూతపడి ఏళ్లయింది. మేం అద్దెకు దిగింది మానింగ్‌హామ్ అనే పేటలో. కిటికీ తెరిస్తే లిస్టర్ మిల్లు పొగగొట్టం కనబడేది. 249 అడుగుల ఎత్తు. ఒకప్పుడు పట్టు, మఖ్మల్ నేసిన మిల్లు అది. 1992లో ఆగిపోయింది. తర్వాత అందులో కొంత భాగాన్ని ఫ్లాట్లుగా మార్చారు. ఆ పొగగొట్టం చూసినప్పుడల్లా నాన్నకు ఫోన్ చేయాలనిపించేది, చేసేదాన్ని కూడా.

మా పక్కింట్లో పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లోని మీర్‌పూర్ నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవారు. నేను చాచా అని పిలిచేదాన్ని. నాది వరంగల్ ఉర్దూ, ఆయనది పహాడీ కలిసిన ఉర్దూ, అయినా మా మాటలకు ఎన్నడూ అడ్డం రాలేదు. 1960లలో మంగళా డ్యామ్ కడితే మునిగిపోయిన ఊళ్లలో వాళ్లదీ ఒకటి. బ్రాడ్‌ఫర్డ్ మిల్లులకు రాత్రి పాళీలో పనిచేసే మనుషులు కావాలని తెలిసి బంధువుల వెనకే వచ్చేశారట. ఉన్ని దువ్వే ఖార్ఖానాలో రాత్రంతా నిలబడి పని. "పగలు ఇక్కడి ఆడవాళ్లు, రాత్రి మేము బేటీ. మిషను మాత్రం ఆరిపోయేది కాదు" అనేవారు. మా నాన్న సంగతి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత నన్ను కొత్తవాళ్లెవరికి పరిచయం చేసినా "మిల్లోళ్ల పిల్ల" అనే చెప్పేవారు.

బౌలండ్ వీధిని నాకు చూపించింది ఆయనే. లంబ్ లేన్‌లో స్వీట్ సెంటర్ అని పాత హోటల్ ఒకటుంది. ఆదివారం పొద్దున హల్వా, పూరీ, శనగల కూర తినడానికి ఊరంతా అక్కడే ఉంటుంది. ఒక ఆదివారం అక్కడి నుంచి వస్తూ చాచా పక్క వీధిలోకి తిప్పారు. అది చాలా మామూలు వీధి. రెండు పక్కలా మసిబారిన రాతి ఇళ్లు, గోడవారగా చెత్త డబ్బాలు, పార్క్ చేసిన కార్లు. నడుమ ఒక్కసారిగా ఆ కట్టడం. మీగడ రంగు రాయి ఒక వరస, ఎర్ర రాయి ఒక వరస, మళ్లీ మీగడ, మళ్లీ ఎరుపు, నేల నుంచి పైదాకా అడ్డచారలు. కిటికీల పైన పువ్వు రెక్కల్లా మలిచిన ఆర్చీలు. గోడ పైఅంచున జాలీ పనిలా చెక్కిన రాతి కొమ్మలు. తలుపు పైన హీబ్రూ అక్షరాలు.

"యహూదీల ఇబాదత్‌గా" అన్నారు చాచా, అంటే యూదుల ప్రార్థనాలయం. "మాకంటే ముందొచ్చిన పరదేశీలు వీళ్లు. మేం ఉన్ని దువ్వడానికొచ్చాం, వాళ్లు ఉన్ని అమ్మడానికొచ్చారు."

ఆయన చదువుకున్న మనిషి కాదు. కానీ బ్రాడ్‌ఫర్డ్ చరిత్ర గురించి నేను తర్వాత లైబ్రరీలో ఎంత చదివినా, ఆ ఒక్క మాటను మించింది దొరకలేదు.

1801లో బ్రాడ్‌ఫర్డ్ జనాభా 13 వేలు. 1851కి లక్ష దాటింది. యాభై ఏళ్లలో పల్లెలాంటి ఊరు ప్రపంచంలోనే ఉన్ని బట్టకు రాజధాని అయిపోయింది. ఇక్కడ నేసేది వర్‌స్టెడ్ అనే రకం. పొడుగు పోగుల ఉన్నిని దువ్వి, పొట్టి పోగులు తీసేసి, మెలిపెట్టి వడికిన నూలుతో నేసే నున్నటి బట్ట. నేసేవాళ్లు ఇక్కడివాళ్లే. కానీ ఆ బట్టను హాంబర్గ్‌కి, లైప్‌జిగ్‌కి, న్యూయార్క్‌కి, కలకత్తాకి చేర్చాలంటే అక్కడి బజార్లు తెలిసినవాళ్లు కావాలి. ఆ పని జర్మనీ నుంచి వచ్చిన వర్తకులు చేశారు. వాళ్లలో క్రైస్తవులున్నారు, యూదులున్నారు.

యూదుల్లో అందరికంటే ముందొచ్చినవారిలో జేకబ్ బెహ్రెన్స్ ఒకరు. హాంబర్గ్ వర్తకుడి కొడుకు. తమ ఖాతాదారులు కోరిన తీరులో సరుకు సిద్ధం చేసి పంపమంటే ఇంగ్లండ్ మిల్లువాళ్లు వినకపోవడంతో తానే 1834లో లీడ్స్‌లో దుకాణం పెట్టి, 1838లో బ్రాడ్‌ఫర్డ్‌కి మారాడు. ఇక్కడి వర్తక సంఘం 1851లో ఏర్పడటంలో ఆయన చెయ్యి పెద్దది. కళ్లు, చెవుల ఆసుపత్రి పెట్టినవాళ్లలోనూ ఉన్నాడు. తర్వాత రాణి ఆయనకు సర్ బిరుదిచ్చింది. డాన్‌జిగ్ నుంచి వచ్చిన చార్లెస్ సెమన్ 1864లో ఈ ఊరికి మేయరయ్యాడు. పరాయి దేశంలో పుట్టి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆయనే. ఆయన తర్వాత జేకబ్ మోజర్ 1910లో లార్డ్ మేయరయ్యాడు. టెల్ అవీవ్‌లో ఇప్పటికీ పేరున్న హెర్జ్‌లియా పాఠశాల కట్టడానికి 80 వేల ఫ్రాంకులు పంపింది ఈ మోజరే. ఉన్ని బట్ట అమ్మిన డబ్బు ఎక్కడెక్కడికి వెళ్లిందో చూడండి.

వీళ్లు ముందు కట్టుకున్నది గుడి కాదు, గోదాములు. బ్రాడ్‌ఫర్డ్ కేథడ్రల్ పక్కన గుట్ట వాలులో ఉన్న ఆ పేటను లిటిల్ జర్మనీ అంటారు. 1850ల నడుమ నుంచి మూడు నాలుగు దశాబ్దాల్లో లేచిన పేట. ఇప్పటికీ 85 కట్టడాలు నిలిచి ఉన్నాయి, వాటిలో 55 ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉన్నాయి. బిడ్డ బడికి వెళ్లే వయసొచ్చాక నాకు పగలు కొంత తీరిక దొరికేది. అప్పుడు ఆ వీధుల్లో ఎంత తిరిగానో చెప్పలేను. వికార్ లేన్, వెల్ స్ట్రీట్, పెకోవర్ స్ట్రీట్. ఎవరూ ఉండరు. గాలి మాత్రం ఇరుకు సందుల్లో రయ్యిమని కొడుతుంది.

గోదాము అనగానే మన కళ్లముందుకొచ్చే రేకుల షెడ్డు కాదవి. ఇటలీ రాజభవనాల నమూనాలో అయిదంతస్తుల రాతి మేడలు. వీధి వైపు ద్వారం దగ్గర స్తంభాలు, చెక్కుడు పని, లోపల వెడల్పాటి మెట్లు. అదంతా కొనడానికొచ్చే పెద్ద బేరగాళ్ల కోసం. సరుకు దారి వేరు. పక్క సందులో గుర్రపు బండి పట్టేటంత ఎత్తు కమాను ఉంటుంది. మిల్లుల నుంచి వచ్చిన తానులు అందులోంచి లోపలికి వెళ్లేవి. పై అంతస్తుకు ఎక్కించి, వెలుతురు బాగా పడే చోట విప్పి, అంగుళం అంగుళం చూసేవాళ్లు. పోగు తెగినా, ముడి మిగిలినా అక్కడే పట్టుకోవాలి. తర్వాత నీటి ఒత్తిడితో నడిచే ప్రెస్సుల కింద నొక్కి, బేళ్లు కట్టి, దిగువన ఉన్న రైలు స్టేషన్‌కు దింపేవాళ్లు. గుట్ట వాలు కాబట్టి దింపడం సులువు. స్టేషన్ పక్కనే పేట లేవడానికి కారణం కూడా అదే.

ఈ సంగతులన్నీ ఫోన్‌లో నాన్నకు చెబితే ఆయన ఒక్కటే అడిగాడు. "తాను చూసే బల్ల ఏ దిక్కున పెట్టేటోళ్లు?" సూటిగా ఎండ పడితే బట్ట రంగు తేడాగా కనబడుతుందట. ఉత్తరం వెలుతురైతే పొద్దంతా ఒకేలా ఉంటుందట. అప్పటినుంచి ఏ గోదాము ముందు నిలబడినా ముందు తలెత్తి పై అంతస్తు కిటికీలే చూసేదాన్ని. బడికి సెలవున్న రోజు మా అమ్మాయిని కూడా తీసుకెళ్లేదాన్ని. దానికి ఒక గోదాము గుమ్మం పైన రెక్కలు చాచి కూర్చున్న రాతి గద్ద అంటే ఇష్టం. అది అమెరికాకి, చైనాకి సరుకు పంపిన కంపెనీ గోదాము. గద్ద ఈకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు, అంత శ్రద్ధగా చెక్కారు.

ఊరి మిల్లుల పొగకు ఈ రాళ్లన్నీ నల్లగా మసిబారాయి. పొయ్యిలు ఆరిపోయాక, 1970ల నుంచి ఒక్కొక్కటీ కడుగుతూ వచ్చారు. కడిగితే లోపలి నుంచి తేనె రంగు ఇసుకరాయి బయటపడింది. కడగనివి ఇంకా కొన్ని ఉన్నాయి. నాకు ఆ రెండు రకాలూ పక్కపక్కన ఉంటేనే ఇష్టంగా ఉండేది. కడిగిన గోడ కట్టినవాళ్లను గుర్తుచేస్తుంది, కడగని గోడ పనిచేసినవాళ్లను.

మళ్లీ బౌలండ్ వీధికొస్తాను. మొదటి తరం జర్మన్ యూదులు ఆచారాలను అంత గట్టిగా పట్టుకున్నవాళ్లు కాదు. కచేరీలు, ఛారిటీలు, వ్యాపారం, ఇదే వాళ్ల లోకం. ఊరి మధ్యలో 1853లో లేచిన సెయింట్ జార్జ్ హాల్లో పాశ్చాత్య సంగీతం వినిపించిందంటే అందులో ఈ జర్మన్ వర్తకుల ప్రోత్సాహం చాలా ఉంది. కానీ పిల్లలు పెద్దవాళ్లవుతుంటే, మనం ఎవరమో వీళ్లకెవరు చెబుతారన్న దిగులు పట్టుకుంటుంది కదా. ఊరు వదిలి వచ్చిన ఏ తల్లిదండ్రులకైనా ఈ దిగులు తెలుసు. మేమూ ఆదివారం తెలుగు క్లాసని ఎవరో ఒకరి హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి అ ఆలు దిద్దించినవాళ్లమే. వాళ్లు 1873లో సంఘంగా ఏర్పడి, జర్మనీ నుంచి జోసెఫ్ స్ట్రాస్ అనే పండితుణ్ణి రబ్బీగా, అంటే మతగురువుగా, పిలిపించుకున్నారు. ఆయన దశాబ్దాల పాటు ఇక్కడే ఉండిపోయాడు. 1880లో పని మొదలుపెట్టి, 1881 మార్చిలో సినగాగ్ తెరిచారు. యూదుల్లో సంస్కరణ పద్ధతి పాటించేవాళ్ల ప్రార్థనాలయం ఇది. బ్రిటన్‌లో ఆ శాఖవాళ్లకు ఇంత పాత కట్టడాలు అరుదు. రక్షణ జాబితాలో దీనికి మామూలు స్థాయి కంటే ఒక మెట్టు పైనే చోటిచ్చారు.

కట్టింది టి.హెచ్. అండ్ ఎఫ్. హీలీ అనే ఊరి ఆర్కిటెక్టులు. వాళ్లు చర్చిలు కట్టడంలో పేరున్నవాళ్లు. మరి ఈ చారలు, ఈ ఆర్చీలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఆ కాలంలో జర్మనీ యూదులు తమ సినగాగ్‌లను మూరిష్ శైలిలో కట్టుకుంటున్నారు. బెర్లిన్‌లో 1866లో తెరిచిన పెద్ద సినగాగ్ కూడా అలాంటిదే. చర్చిలా కనబడకూడదు, తమకంటూ ఒక రూపం ఉండాలి. అందుకని స్పెయిన్‌లో ముస్లిం రాజుల కాలంలో తమ పండితులు, కవులు వెలిగిన రోజులను గుర్తుచేసే శైలిని ఎంచుకున్నారు. అంటే స్పెయిన్ మసీదుల అందం జర్మనీ మీదుగా యార్క్‌షైర్‌లోని ఉన్ని మిల్లుల ఊరికి వచ్చి చేరింది. సరిగ్గా ఆ వీధుల్లోకే, ఎనభై ఏళ్ల తర్వాత, మీర్‌పూర్ ముస్లింలు కాపురానికొచ్చారు. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేం మసీదని అడిగేవాళ్లట. చాచా చెప్పినదే.

యూదుల సంఖ్య ఈ ఊళ్లో ఎప్పుడూ కొద్ది వందలే. పక్కనున్న లీడ్స్‌లా వేలమంది కాదు. తూర్పు ఐరోపా నుంచి తర్వాత వచ్చిన సంప్రదాయవాదులు వేరే ప్రార్థనాలయం పెట్టుకున్నారు. 1906లో స్ప్రింగ్ గార్డెన్స్‌లో తెరిచిన అది, తర్వాత పక్కనున్న షిప్లీకి మారి, మనుషులు లేక 2013లో మూతపడింది.

కొద్దిమందే అయినా ఆ ఇళ్లలోంచి ఎలాంటివాళ్లొచ్చారో! మానింగ్‌హామ్‌లోని ఒక ఉన్ని వర్తకుడి ఇంట్లో 1872లో విలియం రోథెన్‌స్టైన్ పుట్టాడు. పెద్ద చిత్రకారుడు. 1910లో మన దేశం వచ్చి కలకత్తాలో టాగూర్ ఇంట్లో ఆయన్ని చూశాడు. 1912లో టాగూర్ లండన్ వెళ్లినప్పుడు, బయల్దేరకముందే మొదలుపెట్టి, ఓడలో కూడా కూర్చుని ఇంగ్లీషులోకి తిప్పిన తన పాటల నోటుపుస్తకాన్ని మొదట ఈయన చేతిలోనే పెట్టాడు. ఈయన దాన్ని కవులకు, రచయితలకు చూపించాడు. ఇంగ్లీషు గీతాంజలి ఈయనకే అంకితం. మరుసటి ఏడాదే నోబెల్ వచ్చింది. మా ఇంటికి నడిచెళ్లేంత దూరంలో లిస్టర్ పార్కులో కార్ట్‌రైట్ హాల్ ఉంది, ఊరి చిత్రశాల. అక్కడ రోథెన్‌స్టైన్ బొమ్మలున్నాయి. మా అమ్మాయిని బాతులు చూపించడానికని తీసుకెళ్లి, లోపలికి వెళ్లి ఆ బొమ్మల ముందు నిలబడేదాన్ని. ఇంటర్‌లో తెలుగు గీతాంజలి చదివి కళ్లనీళ్లు పెట్టుకున్న నేను, ఆ పుస్తకం ప్రపంచంలోకి వెళ్లిన దారిలో ఈ మానింగ్‌హామ్ కూడా ఉందని తెలిసిన రోజున రాత్రి నిద్రపోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ వైభవాన్ని విరిచేసింది. జర్మనీతో వర్తకం తెగిపోయింది. నిన్నటిదాకా మేయర్లుగా ఏలిన ఊళ్లోనే జర్మన్ పేరు పెట్టుకుని తిరగడం కష్టమైంది. రోథెన్‌స్టైన్ అన్నదమ్ములిద్దరు 1916లో ఇంటిపేరు రదర్‌స్టన్‌గా మార్చుకున్నారు. విలియం మార్చుకోలేదు. ఒకే ఇంట్లో పుట్టిన ముగ్గురిలో ఇద్దరు ఒకలా, ఒకరు ఇంకోలా. దాన్నిబట్టి ఆ ఇళ్లలో ఎంత టెన్షన్ నడిచిందో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత పాతికేళ్లలోపే జర్మనీ నుంచి మళ్లీ మనుషులొచ్చారు. ఈసారి వర్తకానికి కాదు, ప్రాణాలు దక్కించుకోవడానికి. 1939లో మానింగ్‌హామ్‌లోని పార్క్‌ఫీల్డ్ రోడ్డులో ఒక పెద్ద ఇంటిని హాస్టల్‌గా మార్చి, నాజీల నుంచి తప్పించి రైళ్లలో పంపిన పిల్లల్లో కొందరు అబ్బాయిల్ని అక్కడ ఉంచారు. ఊరి యూదులే చందాలు వేసుకుని నడిపారు. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది మళ్లీ కనబడలేదు. ఆ రోడ్డు మీదుగా నేను రోజూ కూరగాయలకు వెళ్లేదాన్ని. ఈ సంగతి తెలిశాక సంచితో అలా మామూలుగా నడిచిపోలేకపోయాను.

రూడీ లీవర్ గారి కుటుంబం అంతకు కొంచెం ముందే, 1937లో, బెర్లిన్ నుంచి వచ్చింది. అప్పుడాయనకు పదకొండేళ్లు. తండ్రి పళ్ల డాక్టరు, ఆయనా పళ్ల డాక్టరే అయ్యారు. ముసలితనంలో ఈ సినగాగ్ బాధ్యత ఆయన మీద పడింది. మా కాలానికి సభ్యులు యాభై మంది కూడా లేరు, అందులో చాలామంది పెద్దవయసువాళ్లు. పైకప్పు కారుతోంది. పాత రాతి కట్టడం పైకప్పు బాగుచేయించాలంటే మాటలా? అంత డబ్బు వాళ్ల దగ్గర లేదు. అమ్మేయడం తప్పదనే దాకా వచ్చింది.

అప్పటికే పక్క వీధివాళ్లతో ఒక పరిచయం కుదిరింది. అక్కడ కొత్తగా ఇంకో హోటల్ పెట్టాలని ఎవరో దరఖాస్తు చేస్తే, రద్దీ పెరుగుతుందని సినగాగ్ వాళ్లు అభ్యంతరం పెట్టారు. స్వీట్ సెంటర్ యజమాని జుల్ఫికార్ అలీ కూడా అభ్యంతరం పెట్టారు. అలా ఒక మామూలు మునిసిపల్ గొడవలో రెండు వైపుల మనుషులు ఒకే పక్కన నిలబడ్డారు. స్నేహమైంది. సినగాగ్ అమ్మకానికి వస్తుందన్న మాట తెలిశాక అలీ, బ్రాడ్‌ఫర్డ్ మసీదుల మండలి కార్యదర్శిగా ఉన్న జుల్ఫీ కరీం, బట్టల వ్యాపారంలో ఉన్న మరికొందరు కలిసి ముందుకొచ్చారు. చందాలు పోగుచేశారు, అర్జీలు రాయడంలో సాయపడ్డారు, అధికారులను కలిశారు. 2013 చివర్లో వారసత్వ నిధి నుంచి లక్ష పౌండ్లకు పైగా గ్రాంటు వచ్చింది. సినగాగ్ అమ్మలేదు. కొన్నాళ్లకు దాని పాలకమండలిలో ఒక ముస్లిం కూడా సభ్యుడిగా చేరారు.

ఈ వార్త దేశమంతా పేపర్లలో వచ్చింది. మా వీధిలో మాత్రం అది వార్తలా లేదు. చాచాని అడిగితే, "పక్కింటి కప్పు కారుతుంటే చూస్తూ ఊరుకుంటామా?" అన్నారు. ఆయనా ఎంతో కొంత ఇచ్చే ఉంటారు, ఎంతో చెప్పలేదు. నేనూ అడగలేదు.

సెప్టెంబర్‌లో వారసత్వ కట్టడాలను ఉచితంగా తెరిచిపెట్టే రోజులుంటాయి. అప్పుడు లోపలికి వెళ్లాను. మా అమ్మాయి, పై వీధిలో ఉండే గుంటూరు అక్క కూడా వచ్చారు. అక్క గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోయింది. తలుపు దగ్గరున్న పెద్దావిడ నవ్వి, "పర్లేదు, కాళ్లకు చలేస్తుంది, వేసుకునే రండి" అని లోపలికి తీసుకెళ్లింది. తలుపు పైన హీబ్రూలో ఉన్నది యెషయా ప్రవక్త వాక్యమట. సత్యాన్ని పాటించే జనం లోపలికి వచ్చేలా తలుపులు తెరవండి అని.

లోపల బయటకంటే చిన్నదిగా అనిపించింది, వెచ్చగానూ అనిపించింది. చెక్క బెంచీలు. చివర గోడలో గుర్రపునాడా ఆకారంలో ఆర్చీ, దాని చుట్టూ ఎరుపు, బంగారు రంగుల్లో సన్నటి అల్లిక పని. అందులోని అరలోనే వాళ్ల పవిత్ర గ్రంథం తోరా చుట్టలు ఉంచుతారు. దాని ముందు ఎప్పుడూ వెలిగే దీపం. అక్క రెండు చేతులూ జోడించి, "అఖండ దీపమే" అంది మెల్లగా. పెద్దావిడ అది గమనించి ఏమన్నారని అడిగింది. నాకు చేతనైన ఇంగ్లీషులో చెప్పాను. ఆమె తల ఊపి, అర తెరిచి మఖ్మల్ తొడుగున్న ఒక చుట్టను చూపించింది. తోలు మీద చేత్తో రాసిన అక్షరాలు, ఒక్క అక్షరం తప్పినా దాన్ని సరిచేసేదాకా చదవడానికి పనికిరాదట. నా చెయ్యి ఆ తొడుగు మీదికే పోయింది. మంచి మఖ్మల్. లిస్టర్ మిల్లుదేనా అని అడిగాను. ఆమెకు తెలియదు. కానీ ఆ ప్రశ్న ఆమెకు ఎంత నచ్చిందంటే, ఆ రోజు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపిస్తూ, ఈ అమ్మాయి నాన్నగారు ఇండియాలో బట్టల మిల్లులో పనిచేశారు అని చెప్పింది. ఆమె తాతగారు లిటిల్ జర్మనీలో గుమాస్తా అట.

తిరిగొస్తుంటే పైకప్పు బాగుచేసిన పక్కన కొత్త పలకలు కనబడ్డాయి. పాతవాటి పక్కన అవి కొంచెం తేటగా ఉన్నాయి. మా అమ్మాయి వాటిని వేలితో చూపించి, "అవేనా చాచా వాళ్లు వేయించినవి?" అంది. దాని దృష్టిలో ఆ పలకలన్నీ చాచా స్వయంగా ఎక్కి పరిచినవే.

ఆజంజాహీ మిల్లు 2002లో పూర్తిగా మూతపడింది. యంత్రాలు పోయాయి, భూమిలో చాలా భాగం ప్లాట్లయింది. నేను ఇండియా వచ్చినప్పుడు నాన్న నన్ను బండి మీద ఎక్కించుకుని ఆ దారిలో తిప్పారు. ఇక్కడ సాంచెల షెడ్డు, ఇక్కడ క్యాంటీను, ఇక్కడ మాకు జీతాలిచ్చే కిటికీ అని ఇళ్లను చూపిస్తూ చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. మనవాళ్లకు శ్రద్ధ లేదని తిట్టడం తేలిక, నేనూ తిట్టాను. కానీ బ్రాడ్‌ఫర్డ్‌లోనూ మిల్లులు కాలిపోయాయి, కూలిపోయాయి. 2016లో డ్రమండ్ మిల్లు మంటల్లో పోయింది. ఏది మిగులుతుంది, ఏది పోతుందన్నది కట్టినవాళ్ల చేతిలో ఉండదు. ఆ కట్టడాన్ని తమదనుకునే మనుషులు ఆ చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారన్నదే లెక్క. ఆజంజాహీ చుట్టూ వేలమంది ఉన్నారు. వాళ్లను ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. నా బాధంతా అదే.

రూడీ లీవర్ గారు 2021లో పోయారు. 95 ఏళ్లు. చాచా అంతకు ముందే పోయారు. మేం ఆ ఊరు వదిలేశాం. నాన్నకు మాత్రం బౌలండ్ వీధి ఫోటోలు ఇంకా ఫోన్‌లో ఉన్నాయి. చుట్టాలొస్తే తీసి చూపిస్తారు, "ఇది యూదుల గుడి, కప్పు సాయిబులు వేయించిన్రు" అని.

మా తమ్ముడి కొడుకు ఇప్పుడు లీడ్స్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఖాళీ దొరికితే ఎక్కడికెళ్లాలి అత్తా అని అడిగాడు. వాడికి పంపిన మెసేజ్ ఇదే: లీడ్స్‌లో రైలెక్కి ఫోర్‌స్టర్ స్క్వేర్‌లో దిగు. ముందు కేథడ్రల్ వెనక లిటిల్ జర్మనీ చూడు, తలెత్తి పై అంతస్తు కిటికీలు చూడటం మర్చిపోకు. తర్వాత ఊళ్లోకొచ్చి పాత వూల్ ఎక్స్చేంజి చూడు. ఒకప్పుడు ఉన్ని బేరాలు జరిగిన హాలు, ఇప్పుడు పుస్తకాల షాపు. అక్కణ్ణుంచి మానర్ రో ఎక్కి మానింగ్‌హామ్ లేన్ పట్టుకుని నడు. బౌలండ్ వీధి దగ్గరే. సినగాగ్ రోజూ తెరిచి ఉండదు, ముందే కనుక్కుని వెళ్లు, సెప్టెంబర్ అయితే మేలు. ఆకలేస్తే లంబ్ లేన్ పక్కనే.